పాత స్పోర్ట్స్ కారు వెనక సస్పెన్షన్: ‘తుప్పు గీకి రంగు వేస్తే చాలు’ అన్న సలహాకు ఖండన

బ్రిటన్‌లో పాత మాజ్డా ఎంఎక్స్-5 స్పోర్ట్స్ కారు కొనుక్కుని ముచ్చటగా చూసుకునేవాళ్ళలో అక్కడ స్థిరపడిన మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరి మధ్యా ఒక సలహా బాగా ప్రచారంలో ఉంది. దాని సారాంశం ఇది: వెనక చక్రాల దగ్గర కనిపించే తుప్పు పైపైదే కాబట్టి వైరు బ్రష్షుతో గీకి నల్ల రంగు వేస్తే చాలు, వాహనం రోడ్డెక్కడానికి తగునా అని అక్కడ ఏటా జరిగే ఎంఓటీ తనిఖీలో పాసైన కారుకు భయం లేదు, బోల్టు రాకపోతే స్ప్రే కొట్టాలి, అప్పటికీ రాకపోతే మంట పెట్టాలి, స్ప్రింగు విరిగితే ఆ ఒక్కటే మార్చుకోవాలి, తిరిగి బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ బోల్టులు, రబ్బరుకు బదులు పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన బుష్‌లు (కీళ్ళలో కదలికను భరించే గొట్టపు దిండ్లు) వేస్తే ఇక జన్మలో వాటి జోలికి పోనక్కర్లేదు, విప్పకముందున్న పాత గుర్తుల మీదే బిగిస్తే వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సరిచేయించడం) ఖర్చు దండగ. ఇందులో చాలా మాటల్లో కొంత నిజం ఉంది, అందుకే ఇది ఇంతగా చెల్లుబాటవుతోంది. ఆ నిజం ఎంతవరకు వర్తిస్తుందో చెప్పకుండా వదిలేయడం వల్లే ఇది ప్రమాదకరంగా మారింది.

ముందు కారు సంగతి చెప్పుకోవాలి. ఎంఎక్స్-5 మొదటి తరం 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో వెలుగు చూసింది, రెండో తరం తయారీ 2005లో ఆగింది. అంటే ఈ రెండు తరాల్లో అన్నిటికంటే కొత్త కారుకు కూడా ఇరవై ఏళ్ళు నిండాయి. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉండటం ఈ కారు ప్రత్యేకత. వెనక ఒక్కో చక్రాన్ని పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకుని ఉంటాయి. వాటిని లోపల సబ్‌ఫ్రేమ్‌కూ (బాడీ అడుగున బిగించిన ఉక్కు చట్రం) బయట చక్రపు హబ్‌కూ (చక్రం బిగిసే మధ్యభాగం) రబ్బరు బుష్‌లు, వాటి గుండా దూరిన బోల్టులు కలుపుతాయి. చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద చల్లే రాతి ఉప్పు, ఈ కీళ్ళన్నిటిలోకీ నీళ్ళతో కలిసి ఏళ్ళ తరబడి చేరుతూ వచ్చింది. విశాఖ బీచ్ రోడ్డులో గేట్లకూ గ్రిల్స్‌కూ ఉప్పుగాలి చేసే పనిని చూసినవాళ్ళకు దీని ఫలితం వేరే చెప్పనక్కర్లేదు.

తుప్పు పైపైదే అన్న మాట ఆర్మ్‌ల విషయంలో చాలాసార్లు నిజమే. అవి మందపాటి ఉక్కు రేకుతో చేసినవి కాబట్టి ఎర్రగా కనిపించినంత మాత్రాన బలహీనపడినట్టు కాదు. చిన్న సుత్తితో తట్టినప్పుడు ఖంగుమని మోగి, గీకితే గట్టి లోహం కనబడితే, శుభ్రం చేసి రంగు వేసుకోవచ్చు. పొరలు పొరలుగా రాలుతూ, తట్టినప్పుడు మొద్దుగా చప్పుడు చేస్తే మాత్రం ఆ భాగాన్ని మార్చాల్సిందే. అయితే అసలు చూడవలసిన తుప్పు ఆర్మ్‌ల మీద ఉండదు. అది బుష్ లోపలి గొట్టంలో ఉంటుంది, స్ప్రింగు కింది చుట్టు ఆనే చోట ఉంటుంది, సబ్‌ఫ్రేమూ షాక్ అబ్జార్బర్లూ బాడీకి బిగిసే చోట ఉంటుంది. వీటిలో ఏ ఒక్కచోటికీ వైరు బ్రష్షు పూర్తిగా చేరదు. పైగా, ఈ కారులో సీట్ల వెనక గుడ్డ టాపు మీది వాననీరు దిగిపోవడానికి ఉన్న సన్నని కాలువలు ఆకులతో, మట్టితో పూడుకుపోతే, నీరు వెనక చక్రాల ముందు, తలుపుల కింద ఉండే సిల్‌లలో చేరి లోపలినుంచి తినేస్తుంది. బయటినుంచి వేసిన నల్ల రంగు ఆ తుప్పును ఆపలేదు సరికదా, తర్వాత చూసేవాళ్ళ కంట పడకుండా దాస్తుంది. అమ్మకానికి వచ్చిన పాత కారు అడుగుభాగం మరీ తాజాగా నల్లగా నిగనిగలాడుతుంటే నేను దాన్ని ఒక హెచ్చరికగానే తీసుకుంటాను.

ఎంఓటీ పాసైతే చాలన్న వాదన ఆ తనిఖీ స్వభావాన్ని అర్థం చేసుకోకుండా చేసినది. తనిఖీ చేసే వ్యక్తి ఏ భాగాన్నీ విప్పకూడదు. కంటికి కనిపించేదాన్ని చూసి, తట్టి, ఊపి తేల్చాలి. సస్పెన్షన్ బిగిసే చోటికి 30 సెంటీమీటర్ల లోపు బాడీ ఉక్కు తుప్పుకు బలహీనపడితే ఫెయిల్ చేస్తారు, విరిగిన స్ప్రింగు కనిపించినా ఫెయిల్ చేస్తారు. బుష్ గొట్టంలో బోల్టు పట్టేసిందా లేదా అన్నది మాత్రం ఆ తనిఖీకి అందే విషయం కాదు. కాగితం చెప్పేది ఆ రోజు, ఆ గంటలో కారు కనీస ప్రమాణానికి తగ్గలేదని మాత్రమే.

ఇక బోల్టుల సంగతి. ఈ పనిలో డబ్బూ సమయమూ వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. రబ్బరు బుష్‌లో బయట ఒక ఉక్కు గొట్టం, లోపల మరొక ఉక్కు గొట్టం, వాటి మధ్య రెండిటికీ అతుక్కుపోయిన రబ్బరు ఉంటాయి. బోల్టు బిగించినప్పుడు లోపలి గొట్టం బ్రాకెట్ల మధ్య నొక్కుకుని కదలకుండా నిలుస్తుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు రబ్బరు మెలితిరిగి ఆ కదలికను భరిస్తుంది. బోల్టుకూ గొట్టానికీ మధ్య ఉన్న సన్నని సందులోకి ఉప్పునీరు దిగి తుప్పు పుడితే, ఆ తుప్పు అది తినేసిన ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. పారిపోవడానికి దారి లేని ఆ తుప్పు రెండు లోహాలనూ కలిపి బిగదీసేస్తుంది. వెనక హబ్ అడుగున ఈ చివరినుంచి ఆ చివరికి దూరే పొడవాటి బోల్టు ఇందుకు పేరు మోసింది.

పట్టేసిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. నట్టు వదులు చేసి, బోల్టు తలను స్పానర్‌తో కొద్దిగా తిప్పి వదలాలి. అది తిరిగి, వదలగానే స్ప్రింగులా వెనక్కి వస్తే, బోల్టుతో పాటు గొట్టమూ తిరిగి రబ్బరు మెలిపడుతోందని అర్థం. ఆ దశలో డబ్ల్యూడీ-40 కొట్టి గంటసేపు ఆగితే వచ్చేస్తుందనడం ఆశ మాత్రమే. ఆ పేరులోనే ఉన్నట్టు అది ప్రధానంగా తేమను తోలడానికి తయారైన ద్రవం. తుప్పులోకి ఇంకడానికే చేసిన నూనెలు దానికంటే మేలు. కొన్ని రోజుల ముందునుంచి పూటపూటా ఆ నూనె వేస్తే నట్లు వదులవుతాయి. గొట్టం పొడవునా పట్టేసిన బోల్టు నడుమ దాకా మాత్రం ఆ నూనె కూడా చేరదు.

మంట పెట్టడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఈ కారులో పెట్రోల్ ట్యాంకు సీట్ల వెనకే ఉంటుంది, ఇంధనపు గొట్టాలూ బ్రేకు పైపులూ ఆ చుట్టుపక్కలే ఉంటాయి, గ్యాసు నింపిన షాక్ అబ్జార్బర్ వేడికి పేలవచ్చు, కాలిన రబ్బరు పొగ ఊపిరికి హాని. మంట తగిలి ఎర్రబడిన బోల్టు తన బలం కోల్పోతుంది కాబట్టి ఎలాగూ పారేయాల్సిందే. ఆ పారేసేదేదో ముందే ఒప్పుకుని, గొట్టానికీ బ్రాకెట్‌కూ మధ్య సందులో రెండు పక్కలా రంపంతో కోసేయడం సురక్షితం. అలా కోసి తీసిన బోల్టును చేతిలోకి తీసుకుని చూస్తే మొత్తం కథ అర్థమవుతుంది: నట్టు కింద ఉన్న మరలు ఇంకా మెరుస్తుంటాయి, తల మీద బోల్టు బలాన్ని తెలిపే గ్రేడు అంకె చదవడానికి వస్తుంది, కానీ గొట్టం అంచు ఆనిన చోట నడుము సన్నబడి, గుంటలు పడి, ఎర్రటి పొర కట్టి ఉంటుంది. కనిపించే రెండు కొసలూ బాగుండి కనిపించని మధ్యభాగం పాడైన ఆ బోల్టే, పైపైన చూసి తేల్చే సలహాకు సరైన జవాబు.

ఒక పక్క స్ప్రింగు మాత్రమే మార్చమనడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రెండూ ఒకే ఉప్పులో ఒకే కాలం తిరిగాయి. తుప్పు గుంటలో మొదలైన పగులు ఒకవైపు ముందు తెగింది, అంతే. కొత్తదీ పాతదీ కలిస్తే వెనక ఎత్తూ బిగువూ రెండు పక్కలా వేరువేరుగా ఉంటాయి. స్ప్రింగులైనా షాక్ అబ్జార్బర్లైనా జతగానే మార్చాలి.

స్టెయిన్‌లెస్ బోల్టుల సలహా వినడానికి ఎంత బాగుంటుందో అంత పొరపాటు. సస్పెన్షన్‌లో సాధారణంగా వాడేది 8.8 లేదా 10.9 గ్రేడు ఉక్కు. 8.8 బోల్టు సుమారు 640 మెగాపాస్కల్, 10.9 బోల్టు సుమారు 900 మెగాపాస్కల్ ఒత్తిడి దాకా శాశ్వతంగా సాగకుండా నిలుస్తాయి. మార్కెట్లో సులువుగా దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్ బోల్టుకు ఆ హద్దు 450 దగ్గరే ఉంది. పైగా తడి తగిలిన చోట స్టెయిన్‌లెస్ పక్కనున్న మామూలు ఉక్కు మరింత త్వరగా తుప్పు పడుతుంది, అంటే కొన్ని పౌండ్ల బోల్టును కాపాడుకుని సబ్‌ఫ్రేమ్ బ్రాకెట్‌ను పోగొట్టుకుంటాం. సరైన గ్రేడు కొత్త బోల్టు తెచ్చి, గొట్టంలో ఉండే నున్నటి భాగానికి పట్టేయకుండా కాపాడే యాంటీ-సీజ్ పేస్టు దట్టంగా పూసి, మరలకు అంటకుండా చూసుకోవడం మేలు. మరలకు అంటితే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు (స్పానర్‌తో తిప్పే బలానికి) బోల్టు అవసరానికి మించి సాగుతుంది.

పాలీయురేథేన్ బుష్‌లను నేను తోసిపుచ్చను. ప్రెస్ యంత్రం లేకుండా చేత్తో దూర్చవచ్చు, ట్రాక్ మీద తోలేవాళ్ళకు బిగువైన స్పందన వస్తుంది. కానీ వాటిలో గొట్టం పాలీ లోపల తిరగాలి, కాబట్టి గ్రీజు కావాలి, అది ఆరితే కిర్రుమంటాయి, రోడ్డు గతుకులు నేరుగా ఒంటికి తగులుతాయి. జీవితాంతం చూడనక్కర్లేదన్న హామీ వాటికి వర్తించదు. వారాంతంలో పల్లె రోడ్ల మీద తోలుకునే కారుకు కొత్త రబ్బరు బుష్‌లే నా ఎంపిక.

అలైన్‌మెంట్ గురించి చెప్పేది అన్నిటికంటే పెద్ద తప్పు. కింది ఆర్మ్ లోపలి కీళ్ళలో ఉండే బోల్టులకు మధ్యకు కాకుండా ఒక పక్కకు జరిగిన క్యామ్ వాషర్లు ఉంటాయి. అవి తిరిగితే ఆర్మ్ జరిగి చక్రం వాలూ దిశా మారతాయి. పాత గుర్తు, అరిగిపోయిన పాత బుష్‌తో ఆ కారు నిలిచిన తీరును మాత్రమే చూపుతుంది. బుష్ కొత్తదైనప్పుడు అదే గుర్తు వేరే కోణాన్ని ఇస్తుంది. వెనక చక్రాలు కాస్త బయటికి తిరిగి ఉంటే, 2,265 మిల్లీమీటర్ల వీల్‌బేస్ ఉన్న ఈ తేలికపాటి కారు తడి మలుపులో ఉన్నట్టుండి వెనక జారుతుంది.

దీనితో ముడిపడిన మరో విషయాన్ని ఆ సలహా అసలు ప్రస్తావించదు. రబ్బరు బుష్‌లున్న బోల్టులను చక్రాలు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే కారు నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోయి, కొత్త బుష్ కూడా త్వరగా చిరుగుతుంది. విప్పకముందే హబ్ మధ్యనుంచి చక్రం పైనున్న బాడీ అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకుని, బిగించేటప్పుడు హబ్ కింద జాకీ పెట్టి అదే ఎత్తుకు తెచ్చాకే సరైన టార్క్‌తో బిగించాలి. బాడీ బరువు మాత్రం పక్కన కారును మోసే యాక్సిల్ స్టాండ్ల మీదే ఉండాలి. జాకీని నమ్ముకుని కారు కిందికి ఎవరూ దూరకూడదు.

భాగాలు దొరకవు కాబట్టి గీకి నెట్టుకురావాలన్న మాట కూడా ఈ కారుకు చెల్లదు. 2016 నాటికి పది లక్షలకు పైగా తయారైన కారు ఇది. మొదటి తరానికి జపాన్‌లో పునరుద్ధరణ సేవను మాజ్డాయే 2017లో ప్రకటించింది. బుష్‌లు, బోల్టులు, ఆర్మ్‌లు బయటి తయారీదారుల నుంచీ దొరుకుతున్నాయి. ఖర్చు భయం ఉన్నవాళ్ళు సిల్‌లనూ సస్పెన్షన్ బిగిసే చోట్లనూ ముందుగా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసుకోవాలి. అక్కడ ఉక్కు మెత్తబడి ఉంటే కొత్త సస్పెన్షన్ భాగాలు కొనకముందే వెల్డింగ్ చేయించాలి. అది గట్టిగా ఉందని తేలాక బోల్టులూ బుష్‌లూ తెప్పించుకుని, అవి చేతికి వచ్చాకే మొదటి నట్టు విప్పాలి.