ముందు ఆ కుర్రాణ్ణి ఆడనివ్వండి

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్ఎల్)లో ఆడే నిక్ డైకోస్ మామూలు ఆటగాడు అని ఎవరన్నా అంటే వాళ్లతో వాదించే ఓపిక మాకు లేదు. 2022లో కాలింగ్‌వుడ్ క్లబ్‌కి ఆడటం మొదలుపెట్టిన ఏడాదే రైజింగ్ స్టార్ (కొత్త కుర్రాళ్లలో మేటికి ఇచ్చే అవార్డు), మరుసటి ఏడాది ఆంజాక్ డే రోజు ఎసెండన్ మీద 40 డిస్పోజల్స్‌తో (బంతిని కాలితోనో చేతితోనో కొట్టి పంపడం) మెడల్, అదే ఏడాది మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో లక్ష మంది ముందు బ్రిస్బేన్ మీద నాలుగే నాలుగు పాయింట్ల తేడాతో ప్రీమియర్‌షిప్ (లీగ్ కప్పు), ఇవన్నీ ఇరవై ఏళ్లకే చూసేసిన కుర్రాడు. ఎడమ కాలూ కుడి కాలూ తేడా లేకుండా కొడతాడు, చుట్టూ నలుగురున్నా బంతి ఎలాగో బయటికి వచ్చేస్తుంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. మాకు ఒళ్లు మండుతోంది ఆ తర్వాత జరుగుతున్న తంతు చూసి.

ఇంకా పాతికేళ్లు కూడా నిండని పిల్లాణ్ణి పట్టుకుని ఈ ఆట పుట్టినప్పటి నుంచి వచ్చిన వాళ్లందరిలో గొప్పోడు అవుతాడా లేదా అని టీవీ ప్యానెళ్లలో, రేడియోల్లో, పాడ్‌కాస్టుల్లో గంటలు గంటలు కొట్టుకుంటున్నారు. అవుతాడా అన్న ప్రశ్న కాస్తా అయిపోయాడు అన్న జవాబుగా మారడానికి రెండు మంచి మ్యాచ్‌లు చాలు, మళ్లీ ఒక చెడ్డ మ్యాచ్ వస్తే అదే నోటితో ఓవర్ రేటెడ్ అనడానికి అరగంట కూడా పట్టదు. అభిమానులు సరదాగా మాట్లాడుకుంటే తప్పేంటి, ఆటకి అదే కదా మజా అంటారు కొందరు. పబ్బులో కూర్చుని అభిమానులు మాట్లాడుకుంటే ఏ తప్పూ లేదు. ఇది దాన్నే జీతంగా తీసుకుంటున్న వాళ్లు చేస్తున్న పని, అందుకే రాస్తున్నాం.

అసలు ఏ కొలతతో గ్రేటెస్ట్ అంటున్నారు? సీజన్‌లో మేటి ఆటగాడికి ఇచ్చే 'బ్రౌన్‌లో' మెడల్ ఓట్లతోనా? ఆ ఓట్లు వేసేది ఫీల్డ్ అంపైర్లు, ప్రతి మ్యాచ్‌లో బాగా ఆడిన ముగ్గురికి 3, 2, 1 అని, వాళ్ల కళ్ల ముందు ఎప్పుడూ తిరిగేది మిడ్‌ఫీల్డర్లే కాబట్టి ఓట్లూ ఎక్కువగా వాళ్లకే పడతాయి. ఆ లెక్కన చూసినా డైకోస్ 2023లో మూడో స్థానం, 2024లో రెండు, 2025లో మళ్లీ రెండు. 2024లో అతనికి వచ్చిన 38 ఓట్లు అంతకు ముందు దాదాపు ఏ సంవత్సరమైనా సరే గెలిపించేవి, ఇప్పటి 3-2-1 లెక్కలో పాత రికార్డు 36 మరి, కానీ ఆ రాత్రి పాట్రిక్ క్రిప్స్ 45 కొట్టాడు. మరి గ్రేటెస్ట్ ఎవరు, క్రిప్సా?

ఇంకొంచెం వెనక్కి, పాత దిగ్గజాల దగ్గరికి వెళ్దాం. లీ మాథ్యూస్ 332 మ్యాచ్‌లు, 915 గోల్స్, హాథార్న్‌తో నాలుగు ప్రీమియర్‌షిప్‌లు, బ్రౌన్‌లో సున్నా. వేన్ కేరీకి సున్నా. గ్యారీ ఆబ్లెట్ సీనియర్ 1989 గ్రాండ్ ఫైనల్లో ఓడిపోతున్న జట్టులో ఉండి తొమ్మిది గోల్స్ కొట్టాడు, కెరీర్ మొత్తంలో ఒక్క ప్రీమియర్‌షిప్ లేదు, ఒక్క బ్రౌన్‌లో లేదు, అయినా ఆయన ఆట చూసినవాళ్లు ఇప్పటికీ ఆయన పేరే చెప్తారు. డస్టిన్ మార్టిన్ మూడు గ్రాండ్ ఫైనల్స్‌లో, 2017, 2019, 2020, మూడిట్లోనూ ఆ ఫైనల్లో మేటి ఆటగాడికి ఇచ్చే నార్మ్ స్మిత్ మెడల్ తీసుకున్నాడు, అలా ఇంకెవరూ చేయలేదు. ఇక డైకోస్ పక్కనే ఆడే స్కాట్ పెండిల్‌బరీ 2006 నుంచి ఆడుతూ 400 మ్యాచ్‌లు దాటేశాడు, ఆయనకీ బ్రౌన్‌లో లేదు. ఒక్కొక్కరిదీ ఒక్కో రకం గొప్పతనం, అది తేలడానికి ఒక్కొక్కరికీ పదిహేనేళ్లు పట్టింది. ఈ కుర్రాడికి నాలుగు సీజన్లకే తేల్చేయాలట.

మా భయం డైకోస్ గురించి మాత్రమే కాదు. గ్రేటెస్ట్ అన్న బిరుదు ఇతనికి ఇచ్చేస్తే రేపు ఇంకెవరికి ఇస్తారన్నది మా భయం. ఇప్పటికే మొదలైంది కూడా. 2023 డ్రాఫ్ట్‌లో (క్లబ్‌లు వరసగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే రోజు) మొదటి పిక్‌గా వెస్ట్ కోస్ట్ క్లబ్‌కి వెళ్లిన హార్లీ రీడ్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే తరానికి ఒక్కడు అని రాసేశారు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. ఆడటం మొదలుపెట్టాక ఆట గురించి తక్కువ, ఏ క్లబ్‌కి పోతాడు, కాంట్రాక్ట్ ఎంత అని ఎక్కువ. డైకోస్‌కి కనీసం ఒక ప్రీమియర్‌షిప్ ఉంది. దీన్నే పద్ధతి చేసుకుంటే తర్వాత వచ్చే పద్దెనిమిదేళ్ల పిల్లాడికి అదీ అక్కర్లేదు, డ్రాఫ్ట్ రోజు ఒక హైలైట్స్ వీడియో ఉంటే చాలు.

దీని ఖరీదు ఏంటో తెలియక చేస్తున్నారా అంటే అదీ కాదు, కళ్లారా చూసినవాళ్లే వీళ్లంతా. 2009 క్వీన్స్ బర్త్‌డే మ్యాచ్ గుర్తుందా? 2008 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ జాక్ వాట్స్, అప్పటికింకా స్కూల్లో చదువుతున్న పిల్లాడు, మెల్‌బోర్న్ తరఫున ఎంసీజీలో మొదటి మ్యాచ్. బంతి చేతికి వచ్చిందో లేదో కాలింగ్‌వుడ్ వాళ్లు మీద పడి నేలకేసి అదిమేశారు. అది ఆటలో భాగమే, వాళ్లని అనడానికేం లేదు. కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి అతని పేరు ముందు మొదటి పిక్ అన్న మాట తగిలించి ఇదేనా మొదటి పిక్ ఆడే ఆట అని రాసింది ఎవరు? చక్కగా ఆడుకోగలిగిన ఒక మంచి ఆటగాణ్ణి వైఫల్యం అన్న మాటకి పర్యాయపదం చేసింది ఎవరు?

టామ్ బాయ్డ్ సంగతి ఇంకా ఘోరం. 2013 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్, జీడబ్ల్యూఎస్ క్లబ్‌కి తొమ్మిది మ్యాచ్‌లు ఆడాడో లేదో వెస్టర్న్ బుల్‌డాగ్స్ ఏడేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చి తెచ్చుకుంది. ఏడాదికి పది లక్షల డాలర్లని పేపర్లన్నీ రాశాయి. ఆ రోజు నుంచి అతను పట్టిన ప్రతి మార్క్‌నీ (క్యాచ్), వదిలేసిన ప్రతి బంతినీ ఆ డాలర్లతో భాగించి చూశారు. 2016 గ్రాండ్ ఫైనల్ ఆఖరి క్వార్టర్లో ఎంసీజీ మధ్య నుంచి అతను కొట్టిన కిక్ దొర్లుకుంటూ గోల్లోకి వెళ్లింది, 1954 తర్వాత బుల్‌డాగ్స్‌కి మళ్లీ ప్రీమియర్‌షిప్ వచ్చింది. ఆ తర్వాత ఏడాదే డిప్రెషన్ అని ఆటకి విరామం తీసుకున్నాడు. 2019లో 23 ఏళ్లకి రిటైరైపోయాడు, మిగిలిన కాంట్రాక్ట్ డబ్బులు కూడా వదిలేసుకుని. క్లబ్ చరిత్రలో నిలిచిపోయే గోల్ కొట్టినా కూడా ఆ ట్యాగ్ బరువు దిగలేదు ఆ పిల్లాడి మీద నుంచి.

మన తెలుగువాళ్లకి ఇది కొత్త కథా? 2002లో ఇంగ్లండ్ మీద అండర్-19లో 177 నాటౌట్ కొట్టిన అంబటి రాయుడుని అప్పటికప్పుడు తర్వాతి సచిన్ అనేశారు, పదిహేడేళ్లు కూడా నిండలేదు. ఇండియా జెర్సీ వేసుకునేసరికి 2013 వచ్చింది, ఒక్క టెస్ట్ కూడా ఆడకుండానే రిటైరయ్యాడు. దానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, అందులో కొన్ని అతను చేసుకున్నవే, కానీ ప్రతి ఇన్నింగ్స్‌నీ సచిన్ పక్కన పెట్టి కొలిచింది మాత్రం అతను కాదు, మనం. మెల్‌బోర్న్‌లో టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ గ్రౌండ్లలో శనివారం పొద్దున్నే పిల్లల్ని ఆస్కిక్‌కి (చిన్నపిల్లలకి ఈ ఆట నేర్పే కార్యక్రమం) తీసుకొస్తున్న మన తల్లిదండ్రులు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎనిమిదేళ్ల పిల్లాడు రెండు గోల్స్ కొడితే బౌండరీ దగ్గర నుంచి డ్రాఫ్ట్ గురించి మాట్లాడటం అక్కడా మొదలైంది.

డైకోస్‌కి ఇంకో బరువు కూడా ఉంది. వాళ్ల నాన్న పీటర్ డైకోస్ అదే కాలింగ్‌వుడ్‌కి 250 మ్యాచ్‌లు, 549 గోల్స్, 1990 ప్రీమియర్‌షిప్. ఫాదర్-సన్ రూల్ (పాత ఆటగాళ్ల కొడుకుల్ని అదే క్లబ్ తీసుకునే వీలు) కింద క్లబ్‌కి వచ్చి నాన్న వేసుకున్న 35 నంబర్ జెర్సీనే వేసుకుని ఆడుతున్నాడు, అన్న జోష్ కూడా అదే జట్టు. ఇంట్లోనే అంత కొలత ఉన్నవాడికి మళ్లీ మాథ్యూస్, కేరీ, ఆబ్లెట్ల కొలత ఎందుకు?

ఇంకో మాట. 2023లో హాథార్న్ వాళ్లు మ్యాచంతా వెన్నంటే ఉండి అడ్డుకోమని ఫిన్ మాగినెస్‌ని అతనికి ట్యాగ్ పెడితే ఆ మ్యాచ్‌లో డైకోస్‌కి దొరికినవి ఐదు డిస్పోజల్స్, మోకాలికి ఫ్రాక్చర్ కూడా. మళ్లీ ప్రిలిమినరీ ఫైనల్‌కి గానీ రాలేదు. వచ్చాడు, గెలిచారు, వారం తర్వాత కప్పు ఎత్తాడు. మమ్మల్నడిగితే అతని గురించి రాయాల్సింది ఆ ఆరు వారాల కథ, ట్యాగ్ పడిన తర్వాత తన ఆటని ఎలా మార్చుకున్నాడు, ఎక్కడికి పరిగెత్తడం నేర్చుకున్నాడు అని. అది రాయాలంటే మ్యాచ్ కూర్చుని చూడాలి, పని ఎక్కువ. గ్రేటెస్ట్ అవునా కాదా అనడానికి ఒక మైక్ చాలు. మధ్యలో బెట్టింగ్ యాడ్ కూడా వేసుకోవచ్చు. 2023 జూన్‌లో ఆస్ట్రేలియా పార్లమెంట్ కమిటీ ఆన్‌లైన్ బెట్టింగ్ ప్రకటనలు మూడేళ్లలో దశలవారీగా పూర్తిగా ఆపేయమని చెప్పింది, దాని మీద మాత్రం ఈ ప్యానెళ్లకి ఇంత ఉత్సాహం రాలేదు.

పెద్దమనుషులారా, జాక్ వాట్స్‌ని ఏళ్ల తరబడి దులిపేసింది మీరే, టామ్ బాయ్డ్ కిక్కుకి ఎన్ని డాలర్లో లెక్క కట్టింది మీరే, ఆ ఇద్దరూ ఆట వదిలేశాక పాపం కుర్రాళ్లు అని జాలి పడిందీ మీరే. డైకోస్ ఇంకో పదేళ్లు ఆడతాడు, తీర్పు చెప్పడానికి తొందరేం లేదు. ఈలోపు ఖాళీ ఉంటే ఆ ఇద్దరికీ క్షమాపణ చెప్పి రండి.