మోంతూను ఏ లెక్కన గుర్తుపెట్టుకోవాలి?

ఫ్రెంచి కండక్టర్ (ఆర్కెస్ట్రాను, అంటే పెద్ద వాద్యబృందాన్ని నడిపించే మనిషి) పియేర్ మోంతూ పేరెత్తితే చాలు, అందరూ 1913 మే 29 రాత్రి గురించే చెబుతారు. పారిస్‌లో రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ బ్యాలే (నృత్య నాటకం) ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ తొలి ప్రదర్శన. హాలంతా నచ్చని జనం కేకలు, ఈలలు. ఆర్కెస్ట్రాను నడుపుతున్న మోంతూ మాత్రం చివరి స్వరం దాకా ఆపలేదు. నిజంగా గొప్ప నిబ్బరం. అయినా 1936 నుంచి 1952 దాకా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన చేసిన పనే అంతకంటే పెద్దదని నా నమ్మకం.

అప్పటికి అక్కడి సింఫనీ ఆర్కెస్ట్రా మూతపడేలా ఉంది. ఆర్థిక మాంద్యం దెబ్బకు 1934-35 సీజన్ మొత్తం రద్దయింది. 1935లో ఆ ఊరి ఓటర్లే ఆర్కెస్ట్రాకు పన్ను డబ్బు ఇవ్వడానికి సరేనన్నారు. ఉద్యోగాలు ఊడిపోతున్న రోజుల్లో జనం సంగీతం కోసం తమ జేబులోంచి తీసి ఇవ్వడమంటే మాటలా! ఆ నమ్మకం నిలబెట్టాల్సిన భారం అరవై దాటిన ఈ ఫ్రెంచి మనిషి మీద పడింది.

కూలినదాన్ని మళ్లీ కట్టడం ఆయనకు కొత్త కాదు. 1920లో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో సమ్మె జరిగి వాద్యకారులు చాలామంది వెళ్లిపోతే, కొత్తవాళ్లను తెచ్చుకుని ఓపిగ్గా తీర్చిదిద్దాడు.

కండక్టర్ అంటే మన సినిమా సంగీత దర్శకుడిలా బాణీలు కట్టే మనిషి కాదు. వేరొకరు రాసిన సంగీతాన్ని వందమంది ఒక్క ఊపిరిగా వాయించేలా చూడటం ఆయన పని. మోంతూ మొదట్లో వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) వాద్యకారుడు. 1902లో ఫ్రెంచి స్వరకర్త దెబుస్సీ ఆపెరా (సంగీత నాటకం) ‘పెలియాస్ ఎ మెలిజాంద్’ మొదటిసారి ఆడినప్పుడు ఆర్కెస్ట్రాలో కూర్చుని వాయించాడు. అందుకే కాబోలు, ఎదురుగా కూర్చున్నవాడికి ఏం కావాలో ఆయనకు బాగా తెలుసు. వేదిక మీద చిందులు లేవు. నిటారుగా నిలబడి, చేతిలోని పుల్లను కొద్దికొద్దిగా కదిలించేవాడు. పెద్ద పెద్ద సైగలు ప్రేక్షకుల కోసమే తప్ప వాద్యకారులకు పనికిరావని ఆయన పద్ధతే చెబుతుంది.

1941లో ఆర్‌సీఏ విక్టర్ అనే రికార్డుల కంపెనీకి శాన్‌ఫ్రాన్సిస్కో ఆర్కెస్ట్రాతో ఆయన రికార్డింగులు మొదలయ్యాయి. స్వరకర్త సెజార్ ఫ్రాంక్ రాసిన డి మైనర్ సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద సంగీత రచన) రికార్డు వింటే ఆయన పట్టు ఎక్కడుందో తెలుస్తుంది. నెమ్మదిగా సాగే చోట కూడా సాగదీత ఉండదు.

1947లో, 72 ఏళ్ల వయసులో, ఆర్కెస్ట్రా మొత్తాన్ని వెంటబెట్టుకుని దేశంలో యాభైకి పైగా ఊళ్లు తిరిగాడు. పన్నెండేళ్ల కిందట సొంత ఊళ్లోనే సీజన్ జరుపుకోలేకపోయిన ఆర్కెస్ట్రా అది.