మతిమరుపు వయసుదేనా? ముందు మందుల సంచి విప్పండి

వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త ఆకు ఉంటుంది, ఆ మొక్క విషమని కూడా మనకి తెలుసు. కానీ అందులోని స్కోపలమైన్ అనే రసాయనం మెదడులో చేసే పనినే, తక్కువ స్థాయిలో, కొన్ని జలుబు మాత్రలూ మూత్రం ఆపుకోలేనివాళ్లకి ఇచ్చే మాత్రలూ చేస్తాయని ఎంతమందికి తెలుసు? ఇంట్లో పెద్దాయన చెప్పిందే చెబుతుంటే "వయసైపోయింది" అని వదిలేస్తున్నాం. ఆ మాట అనేముందు ఆయన రోజూ ఏమేం మింగుతున్నారో చూడాలి.

కొత్త విషయం మెదడులో నిలవాలంటే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం మస్కరినిక్ గ్రాహకాలను, అంటే కణాల మీద దాన్ని అందుకునే చోట్లను, చేరాలి. జ్ఞాపకాలు తయారయ్యే హిప్పోక్యాంపస్‌లో ఇవి, ముఖ్యంగా ఎం1 రకం, బాగా ఎక్కువ. స్కోపలమైన్ ఆ గ్రాహకాల్లోనే తిష్ఠ వేసి ఎసిటైల్‌కోలిన్‌కి చోటు లేకుండా చేస్తుంది. మనిషి మెలకువగానే ఉండొచ్చు, మాట్లాడొచ్చు, పాత సంగతులు కూడా చాలావరకు గుర్తుంటాయి, కానీ ఇప్పుడు జరుగుతున్నది మాత్రం లోపల నిలవదు. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో దీన్ని మార్ఫిన్‌తో కలిపి కాన్పులప్పుడు ఇచ్చేవాళ్లు. నొప్పులకి అరిచిన తల్లికి తర్వాత ఆ నొప్పులే గుర్తుండేవి కావు! 1974లో డ్రాక్‌మన్, లెవిట్ అనే పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువతకి స్కోపలమైన్ ఇచ్చి పరీక్షిస్తే వాళ్ల జ్ఞాపకశక్తి ముసలివాళ్ల తీరులోకి మారింది.

అంటే 50 ఏళ్లుగా తెలిసిన సంగతే. అయినా జలుబుకి క్లోర్‌ఫెనిరమైన్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, మూత్రానికి ఆక్సిబ్యుటినిన్, వణుకుకి ట్రైహెక్సిఫెనిడిల్, ఇలా ఒకే మనిషికి ఒకదాని మీద ఒకటి చేరుతూనే ఉన్నాయి. ఇవన్నీ ఆ గ్రాహకాలనే అడ్డుకునే మందులు. వయసుతో ఎసిటైల్‌కోలిన్ వ్యవస్థ ముందే బలహీనపడి ఉంటుంది, కిడ్నీలు మందుని త్వరగా బయటికి పంపలేవు. ఇంకా ఘోరం ఏంటంటే, మతిమరుపుకి ఎసిటైల్‌కోలిన్‌ని పెంచే డొనెపెజిల్ రాస్తారు, దానివల్ల మూత్రం ఆగకపోతే ఆక్సిబ్యుటినిన్ రాస్తారు. ఒక మాత్ర పెంచుతుంది, రెండోది అడ్డుకుంటుంది, రెండింటికీ డబ్బులు కట్టేది ఆ ఇంటివాళ్లే.

ఈ మందులు అవసరమైనవాళ్లు ఉన్నారు, నిజమే. వీటికీ డిమెన్షియాకీ (మతి క్రమంగా క్షీణించే జబ్బుకీ) సంబంధం చూపిన పెద్ద అధ్యయనాలు ఇవే కారణమని తేల్చలేదన్నదీ నిజమే. కానీ మందు వాడుతున్నన్నాళ్లూ వచ్చే తికమక, మతిమరుపు సంగతి అనుమానం కాదు. అమెరికా వృద్ధవైద్యుల సంఘం వాడే బీర్స్ జాబితా పెద్దవాళ్లకి వీటిలో చాలావాటిని వీలైనంతవరకు వద్దంటోంది.

అసలు జబ్బు మన వైద్యం ముక్కలైపోవడంలో ఉంది. మోకాళ్లకి ఒకరు, ప్రోస్టేట్‌కి ఒకరు, నిద్రకి ఇంకొకరు, జలుబుకి మెడికల్ షాపు కుర్రాడు. మనిషిని మొత్తంగా చూసే ఫ్యామిలీ డాక్టర్‌ని పోగొట్టుకున్నాం, ఆ చోటులోకి స్పెషలిస్టుల చీటీలు వచ్చి పడ్డాయి. కార్పొరేట్ ఆసుపత్రి ప్యాకేజీల్లో స్కానింగ్‌లన్నీ ఉంటాయి, పాత మందులన్నీ ఒకచోట పెట్టి ఏది తీసేయొచ్చో చూసే అరగంట మాత్రం ఉండదు. ఆ అరగంటకి ప్రభుత్వం ఫీజు నిర్ణయించి ఆరోగ్యశ్రీలో చేర్చాలి. అప్పటిదాకా ఏ మాత్రనీ మీ అంతట మీరు ఆపకండి, సంచి మొత్తం డాక్టర్ బల్ల మీద పెట్టి, వీటిలో మతిమరుపు తెచ్చేవి ఏవి, ఏది ఆపొచ్చు అని సూటిగా అడగండి.