మౌస్‌కి ఒక్క నిమిషం నిబంధన లేదు

పోయిన మే నెలలో మా మేనకోడలు ఎంసెట్ రాసింది. దాన్నిప్పుడు ఎంసెట్ అనకూడదు, ఈఏపీసెట్ అనాలి. మెడిసిన్ వాళ్లు నీట్‌కు తరలిపోయారు కనుక ‘ఎం’ పీకేసి, ఫార్మసీ వాళ్లు మిగిలారు కనుక ‘పీ’ తగిలించారు. ఆంధ్రప్రదేశ్ ఈ మార్పు 2021లో చేసింది, తెలంగాణ 2024లో చేసింది. బస్సులో, కిరాణా కొట్లో, మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ అది ఎంసెట్టే. సరే, అక్షరం మార్చడం తేలిక. ఆ పరీక్ష హాల్లో ఒక మౌస్ మార్చడానికి 11 నిమిషాలు పట్టింది.

11 నిమిషాలకే ఇంత రాద్ధాంతమా అని అడిగేవాళ్లు ఇంట్లో ఇంటర్ పిల్లలు లేని అదృష్టవంతులు. వాళ్ల కోసం లెక్క చెబుతాను. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర. 11 నిమిషాలంటే దాదాపు 10 ప్రశ్నలు. నెగెటివ్ మార్కులు లేని పరీక్ష కాబట్టి ఆ పదింటికీ కళ్లు మూసుకుని నొక్కినా, నాలుగింట ఒకటి తగిలే లెక్కన రెండున్నర మార్కులు రాలాలి. నొక్కాలంటే మాత్రం మౌస్ ఉండాలి.

ముందు గేటు దగ్గరి సంగతి చెప్పాలి, ఎందుకంటే నేనున్నది అక్కడే. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక, పొలాల మధ్యలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ. పరీక్ష 9 గంటలకు, లోపలికి రానిచ్చేది 7:30 నుంచి. మేం 6:45కే వేపచెట్టు కింద చాప పరిచేశాం. లోపలికి పోయే పిల్లలకు జరిగిన తనిఖీ చూస్తే, పరీక్ష నిర్వహించేవాళ్లు యంత్రాల విషయంలో ఎంత జాగ్రత్తపరులో అర్థమవుతుంది. వాచీ తీసెయ్. చెవి కమ్మలు తీసెయ్. చేతికి గోరింటాకు ఉందా, చూపించు. గోరింటాకుంటే బయోమెట్రిక్ యంత్రం వేలిముద్ర పట్టదట. అంటే యంత్రానికి ఇబ్బంది కలగకుండా ఆడపిల్లలు ఇంట్లో పెళ్లికి కూడా గోరింటాకు మానుకుని రావాలన్నమాట. మానుకునే వచ్చారు. పిల్ల వైపు నుంచి యంత్రానికి ఏ లోటూ జరగలేదు.

9 దాటి ఒక్క నిమిషమైంది. గేటు మూశారు. అప్పుడొచ్చాడు ఒక పిల్లాడు, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ. వెనకాల నాన్న బండి తోసుకుంటూ వస్తున్నాడు. పంక్చరు. వాచ్‌మన్ తన సెల్‌ఫోన్ తీసి టైము చూపించాడు, 9:01. ‘ఒక్క నిమిషం ఆలస్యమైనా అనుమతించరు’ అని నెల రోజులుగా పేపర్లో చదువుతున్నాం కదా, ఆ వాక్యానికి కాళ్లూ చేతులూ మొలిస్తే ఎలా ఉంటుందో ఆ వాచ్‌మన్ అలా ఉన్నాడు. పాపం, అతని ఉద్యోగం అది.

ఆ పిల్లాణ్ణి అక్కడే గేటు పట్టుకుని నిలబడనివ్వండి, మళ్లీ వస్తాను.

లోపలి కథ మా మేనకోడలు చెప్పింది. ఒకసారి కాదు, వచ్చిన చుట్టాలందరికీ నేనే అడిగి చెప్పించాను. 23వ ప్రశ్న దగ్గర మౌస్ ఎడమ బటన్ ప్రాణం విడిచింది. స్క్రీన్ మీద బాణం కదులుతోంది. జవాబు తెలుసు. బాణం సరిగ్గా ఆ జవాబు మీదే నిలబడింది. నొక్కితే చుక్క పడదు. పెళ్లికొడుకు తాళి పట్టుకుని వంగాడు, బాజాలు మోగుతున్నాయి, ముడి మాత్రం పడటం లేదు.

చెయ్యెత్తింది. ఇన్విజిలేటర్ మేడమ్ వచ్చారు.

“ఏంటమ్మా?”

“క్లిక్ అవ్వట్లేదు మేడమ్.”

“సరిగ్గా నొక్కావా?”

“నొక్కాను మేడమ్.”

“గట్టిగా నొక్కు.”

గట్టిగా నొక్కింది.

“మరీ అంత గట్టిగా కాదమ్మా, పాడైపోతుంది.”

పోనీ కీబోర్డుతో కానిద్దామా అంటే, “అమ్మో, కీబోర్డు ముట్టుకోకు, లాక్ అయిపోతుంది” అన్నారట. కీబోర్డు నిక్షేపంలా ఉంది, దాన్ని ముట్టకూడదు. ముట్టాల్సిన వస్తువు చచ్చిపోయింది. “ఒక్క నిమిషం కూర్చో, టెక్నీషియన్ని పిలుస్తా” అని మేడమ్ వెళ్లారు.

ఒక్క నిమిషం. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

టెక్నీషియన్ వచ్చాడు. మెడలో ట్యాగు. మా పిల్లకంటే మూడు నాలుగేళ్లు పెద్ద. అదే కాలేజీలో చదువుకున్నట్టున్నాడు. అతనూ ఒకప్పుడు ఇలాంటి మౌస్‌తోనే ర్యాంకు తెచ్చుకుని ఈ కాలేజీలో తేలి ఉంటాడని నా అనుమానం. మౌస్‌ను వెల్లకిలా తిప్పాడు. అడుగున ఎర్ర లైటు వెలుగుతోంది. “లైటొస్తోంది కదా మేడమ్. మౌస్ ఓకే” అని తీర్పిచ్చాడు. మా వీధి లైటు మిట్టమధ్యాహ్నం కూడా వెలుగుతుంది, మున్సిపాలిటీ బాగా పనిచేస్తోందని దానర్థం కాదు కదా. తర్వాత ఊదాడు. ప్యాంటుకు రుద్దాడు. వైరు పీకి మళ్లీ గుచ్చాడు. “కింద బల్ల నున్నగా ఉంది, అందుకే” అని పక్కనున్న తెల్ల కాగితం లాగి మౌస్ కింద వేశాడు. అది మా పిల్ల రఫ్ షీటు. దాని మీద 22 లెక్కల చేతిపని ఉంది. ఇంటిగ్రేషన్ మీద మౌస్ కూర్చుంది.

అప్పటికీ క్లిక్ కాలేదు. “ఒక్క నిమిషం, రీస్టార్ట్ చేద్దాం” అన్నాడు.

“నేను పెట్టిన జవాబులు పోతాయా అన్నా?”

“ఏం కాదు, సర్వర్లో సేవ్ అయ్యుంటాయి.”

‘అయ్యుంటాయి’ అన్నది ఊహా, ఆశా, ప్రార్థనా? తెలుగులో ఈ క్రియారూపానికి వ్యాకరణవేత్తలు ఇంకా సరైన పేరు పెట్టినట్టు లేదు. ఆర్టీసీ బస్టాండు ఎంక్వైరీలో, మీసేవలో, పరీక్ష హాల్లో మాత్రం దీన్ని తెగ వాడతారు.

నిజం చెప్పాలంటే జవాబులు పోలేదు. ఇలాంటి పరీక్షలకు ఆ ఏర్పాటు ఉంటుంది. పెట్టిన ప్రతి జవాబూ ఎప్పటికప్పుడు భద్రమవుతుంది, ఒక సిస్టమ్ పడిపోతే అభ్యర్థిని ఇంకో సిస్టమ్ దగ్గర కూర్చోబెట్టి ఆగినచోటి నుంచి రాయించవచ్చు, పోయిన సమయం తిరిగి కలపనూవచ్చు. ఇదంతా తెలిసినవాడు ఆ గదిలో ఉండి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

సిస్టమ్ తిరిగి లేచింది. మౌస్ లేవలేదు. మరి కొత్త మౌస్? స్టోర్‌రూమ్‌లో ఉన్నాయి. తాళంచెవి? ఇన్‌ఛార్జి సార్ దగ్గరుంది. సార్? సెలవు. కుర్రాడు హాలంతా ఒకసారి కలియజూశాడు. మూడో వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అక్కడి అబ్బాయి వాష్‌రూమ్‌కు వెళ్లాడు. మనవాడు వెళ్లి, ఆ మౌస్ పీకి, తెచ్చి మా పిల్లకు తగిలించాడు. ముడి పడింది. మంగళవాద్యాలు.

ఇంతలో ఆ అబ్బాయి తిరిగొచ్చాడు. కూర్చున్నాడు. చెయ్యి అలవాటుగా బల్ల మీదికి వెళ్లింది. ఏమీ లేదు. బల్ల కింద చూశాడు. కుర్చీ కింద చూశాడు. ఇది తన సీటేనా అని హాల్‌టికెట్ తీసి నంబరు సరిచూసుకున్నాడట. ఫిజిక్స్ అప్పుడే మొదలుపెట్టాడేమో, ద్రవ్యరాశి నిత్యత్వ నియమం మీద నమ్మకం పోయి ఉంటుంది. చివరికి లేచి నిలబడి, చాలా మర్యాదగా అడిగాడు: “సార్, నా మౌస్?”

“ఒక్క నిమిషం బాబూ.”

అతనికి ఎవరి మౌస్ తెచ్చారో, ఆ ఎవరికి ఇంకెవరిది తెచ్చారో మా పిల్లకు తెలియదు. తల తిప్పి చూసే తీరిక లేదు. బహుశా ఆ పూట ఆ ల్యాబ్‌లో ఒక మౌస్ కొరత, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్‌లాగా, సీటు సీటుకూ తిరుగుతూ ఉండి ఉంటుంది.

మా రోజుల్లో ఎంసెట్ ఓఎంఆర్ షీటు మీద, హెచ్‌బీ పెన్సిల్‌తో. ఏ సెట్ పేపరు ఇవ్వాలో తెల్లవారుజామున లాటరీ తీసి టీవీలో చెప్పడం అప్పట్లో పెద్ద తతంగం. పరికరం పాడవడమంటే ముల్లు విరగడమే. మా అమ్మ మూడు పెన్సిళ్లు రెండు వైపులా చెక్కి, ఒక అర బ్లేడు కాగితంలో చుట్టి జేబులో పెట్టింది. తెలంగాణలో 2018లో పరీక్ష కంప్యూటర్ మీదికి వచ్చాక ఎన్నో వచ్చాయి, సీసీ కెమెరాలొచ్చాయి, వేలిముద్రలొచ్చాయి. నాలుగు మౌస్‌లు ముందే స్టోర్‌రూమ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టే అమ్మ ఒక్కతి రాలేదు.

సమయం కలుపుతారా అని పిల్ల అడిగింది. “టైమర్ ఆగే ఉంటుందమ్మా” అన్నారు. మళ్లీ ‘ఉంటుంది’. స్క్రీన్ మూలన టైమర్ 11 నిమిషాలు తగ్గి కనిపిస్తోంది. “కావాలంటే కంప్లయింట్ రాసివ్వు.” కంప్లయింట్ రాయడానికి పట్టే సమయం కూడా పరీక్షలోంచే పోతుంది కాబట్టి తర్వాత రాస్తానంది. తర్వాత వెళ్తే, “అయిపోయిన పరీక్షకు ఇప్పుడేం రాస్తావమ్మా” అన్నారు. తర్కం పరంగా తప్పు పట్టలేం.

పైగా మనకు నార్మలైజేషన్ ఉంది. ఒక పూట పేపరు కష్టంగా, ఇంకో పూట తేలికగా వస్తే ఎవరికీ అన్యాయం జరగకుండా సగటులు తీసి, విచలనాలు లెక్కగట్టి, మార్కులు సరిచేస్తారు. పొద్దున రాసినవాడికీ మధ్యాహ్నం రాసినవాడికీ మధ్య దశాంశాల దాకా న్యాయం. చచ్చిన మౌస్‌కు మాత్రం ఆ సూత్రంలో ఒక్క అక్షరం కేటాయించలేదు. ఈ అవకాశాన్ని కార్పొరేట్ కాలేజీలు ఇంకా ఎందుకు వదిలేశాయో నాకు వింతగా ఉంది. సూపర్ 60 పక్కన ఒక మౌస్ బ్యాచ్ పెట్టొచ్చు. వారం వారం మాక్ టెస్టులో హఠాత్తుగా వైర్లు కోసేస్తే పిల్లలు రాటుదేలుతారు. ‘మా విద్యార్థులకు మౌస్ లేకుండానే వందలోపు ర్యాంకులు’ అని ఫుల్ పేజీ ప్రకటన వేసుకోవచ్చు.

మనమేమీ ఒంటరివాళ్లం కాదు, దేశమంతా ఇదే తంతు. 2022 ఆగస్టు 4న సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రెండో పూట సాంకేతిక కారణాలతో అన్ని కేంద్రాల్లోనూ రద్దయింది. తెల్లారి లేచి ఎంతెంత దూరం నుంచో వచ్చిన పిల్లలు వెనక్కి తిరిగారు. 2025 మే 4న ఇండోర్‌లో గాలివానకు కరెంటు పోయి, కొందరు పిల్లలు నీట్ చీకట్లో రాశారు. హైకోర్టులో ఒక న్యాయమూర్తి మళ్లీ పరీక్ష పెట్టమన్నారు, ధర్మాసనం అక్కర్లేదంది. కరెంటును ఎవరూ ఆలస్యంగా వచ్చావని గేటు బయట నిలబెట్టలేదు.

ఇప్పుడు ఆ గేటు దగ్గరికి వెళ్దాం.

9:01కి గేటు పట్టుకుని ఏడుస్తున్న ఆ పిల్లాడు లోపలికి వెళ్లి ఉంటే ఏం చూసేవాడో బయటికొచ్చాక మా మేనకోడలే చెప్పింది. వాళ్ల ల్యాబ్‌లో పరీక్ష 9:25కి మొదలైంది. సర్వర్ ఎక్కలేదట. “ఒక్క నిమిషం, ఒక్క నిమిషం” అంటూ 25 నిమిషాలు ఖాళీ స్క్రీన్ల ముందు కూర్చోబెట్టారట. అంటే ఆ పిల్లాడు ఆలస్యంగా రాలేదు. ఇంకా మొదలవని పరీక్షకు 24 నిమిషాలు ముందొచ్చాడు. బండి టైరులో గాలి పోతే దాని పేరు నిర్లక్ష్యం. సర్వర్‌లో గాలి పోతే దాని పేరు సాంకేతిక సమస్య. ఒకదానికి శిక్ష ఏడాది. ఇంకోదానికి “ఒక్క నిమిషం బాబూ.”

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. 2024లో ఆదిలాబాద్ జిల్లాలో ఒక ఇంటర్ విద్యార్థి ఆలస్యంగా వచ్చాడని పరీక్షకు రానివ్వలేదు. ఆ పిల్లాడు ఇంటికి వెళ్లలేదు, ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత బోర్డు 5 నిమిషాల వెసులుబాటు ఇచ్చింది. ఇవ్వడానికి ఏం అడ్డొచ్చింది అన్నాళ్లూ? ఆ 5 నిమిషాలు ఎవరింట్లోంచి తెచ్చి ఇచ్చారు? సిగ్గుండాలి కదా. బస్సు రాని ఊళ్లో బతికే పిల్లాడికి సెకన్లు లెక్కబెట్టే గడియారం, తాళంచెవి దగ్గర లేని పెద్దమనుషుల చేతికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుంది? వాడి నిమిషం ఇనుప గేటు, వీళ్ల నిమిషం రబ్బరా?

మా పిల్లకు ర్యాంకు వచ్చింది, ఏదో సీటు వచ్చింది, మాకు పెద్దగా ఫిర్యాదు లేదు. పుట్టినరోజుకు వాళ్ల నాన్న కొత్త మౌస్ కొనిచ్చాడు. ఆ పిల్ల దాన్ని పెన్సిల్ బాక్సులో వేసుకుని కాలేజీకి పట్టుకెళ్తోంది, అడిగితే చెప్పదు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీ చూశాను. ‘ప్రశాంతంగా ప్రవేశ పరీక్ష’ అని మూడు కాలమ్‌ల వార్త, నవ్వుతూ బయటికొస్తున్న అమ్మాయిల ఫొటో. సాంకేతిక సమస్యలేవీ తలెత్తలేదని అధికారులు తెలిపారు. గేటు పట్టుకున్న పిల్లాడు కూడా ఆ వార్తలో ఉన్నాడు. చివరి వాక్యంలో, గైర్హాజరైనవారి శాతంలో.