పది శాతం మెదడు కథ ఇక ఆపండి

మనిషి తన మెదడులో పది శాతమే వాడతాడట, మిగతా తొంభై శాతానికి తాళం వేసి పెట్టుకున్నాడట. హనుమకొండ, వరంగల్ కాలేజీల్లో మైకు దొరికిన ప్రతి మోటివేషనల్ స్పీకర్ దగ్గరా ఈ ముక్క ఉంటుంది. శుద్ధ అబద్ధం. ఒంటి బరువులో మెదడు రెండు శాతం, ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో మాత్రం దగ్గర దగ్గర ఇరవై శాతం దానికే పోతుంది. ఖాళీగా కూర్చున్న అవయవానికి ఇంత తిండి ఎవరు పెడతారు?

సరే, లెక్క తప్పితే తప్పింది. దాని వెనకే వచ్చే మాటకు నాకు ఒళ్లు మండుతుంది. "నీలో సత్తా ఉంది, బయటికి తీయకపోవడం నీ బద్ధకం" అంటారు.

చాలామంది తమ సత్తా మేరకు బతకకుండానే పోతారా? పోతారు, నాకందులో అనుమానం లేదు. ఎందుకు పోతారన్న దగ్గరే గొడవ.

మా చిన్నాయన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో దడవాయి. మిర్చి బస్తాలు కాంటా ఎక్కుతుంటే తూకం చదివి రాసే పని. నలభై ఒకటిన్నర, ముప్ఫై తొమ్మిది, నలభై రెండుంపావు... ఇలా యాభై బస్తాలు పోయినా, చివరి బస్తా దిగేసరికి మొత్తం ఎన్ని క్వింటాళ్లో నోటితో చెప్పేసేవాడు. ఆ రోజు రేటు చెబితే పైసలు కూడా. అడ్తి గుమస్తా క్యాలిక్యులేటర్ నొక్కుతూ తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, రాసేలోగా ఈయన పక్క రాశి దగ్గరికి పోయేవాడు. గుమస్తాకు లెక్క తేడా వస్తే మళ్లీ కొట్టుకోవాల్సింది గుమస్తానే. అలాంటి బుర్రను ఏడో తరగతిలో బడి మాన్పించారు, పెద్దత్త పెళ్లి అప్పు తీర్చడానికి. బద్ధకమా అది? పొద్దున్నే యార్డుకు పోయి, సీజన్‌లో రాత్రి దాకా కాంటా దగ్గర నిలబడ్డ మనిషిది! ఆయన్ను బద్ధకస్తుడంటే, ఎస్సారెస్పీ కాలువ చివర నీళ్లందని పొలాన్ని పట్టుకుని "నువ్వెందుకు పండలేదు" అని తిట్టినట్టుంటుంది.

ఇక్కడ టక్కున దీప్తి జీవాంజి పేరెత్తుతారు. ఎత్తండి, నాకూ కావాల్సింది అదే. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి. మేధోపరమైన వైకల్యంతో పుట్టింది, ఊళ్లో వెక్కిరింపులు పడింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో (టీ20) ప్రపంచ రికార్డు కొట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమె పట్టుదలకు దండం పెట్టాల్సిందే. కానీ కథ అక్కడితో ఆపేస్తారేం? బడిలో పీఈటీ సారు, అంటే ఆటల సారు, ఆ పరుగును గమనించాడు. కోచ్ నాగపురి రమేష్ చూసి హైదరాబాద్ రప్పించాడు. బస్సు చార్జీలకు కూడా కష్టమైన ఇల్లది. ఆ ఇద్దరిలో ఒక్కరు లేకపోయినా, ఆమె కాళ్లలో ఎంత వేగముందో కల్లెడ పొలిమేర దాటి ఎవరికీ తెలిసేది కాదు. చుట్టూ పది ఊళ్లలో అలాంటి సారు లేని బడిలో చదివిన పిల్ల సంగతేంటి? ఆమె మీద ఎవరూ స్పీచ్ ఇవ్వరు, పేరే తెలియదు కాబట్టి.

పోనీ, చదువుకున్నవాళ్లకైనా దారి ఉందా? ఉమ్మడి రాష్ట్రంలో 2011లో గ్రూప్-1 వచ్చాక, తెలంగాణలో మళ్లీ వచ్చింది 2022లో. 503 పోస్టులకు మూడున్నర లక్షల మందికి పైగా అప్లై చేశారు. రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాస్తే సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఇంకో నోటిఫికేషన్. హనుమకొండలో కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్ చుట్టుపక్కల రూముల్లో చేరిన పిల్లలు ఆ రూముల్లోనే ముప్ఫై దాటారు. అందరూ రోజుకు పద్దెనిమిది గంటలు చదివినా 503 కుర్చీలు 504 కావు కదా!

రెండో రకం వాళ్లు ఇంకా ముద్దొస్తారు. "తృప్తిగా బతికాడు, అంతకన్నా ఏం కావాలి" అంటారు. చిన్నాయన కూడా "నాకేం తక్కువైందిరా, మంచిగనే ఉన్న" అనే అంటాడు. అప్పు లేదు, ఇల్లు కట్టుకున్నాడు, బిడ్డ పెళ్లి చేశాడు. ఆయన అంటే ఒప్పుకుంటా. సొంత కొడుకును ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో వేసి లక్షలు పోస్తున్నవాడొచ్చి ఆయన తృప్తి గురించి నాకు చెబితే మాత్రం ఒప్పుకోను. తృప్తి అంత గొప్పదైతే ఆ ఫీజు కట్టడం ఎందుకు?

ఈసారి గ్రామసభలో నేను అడగబోయేవి రెండే. మన హైస్కూల్లో పీఈటీ పోస్టు సంగతేంటి, లెక్కల్లో చురుగ్గా ఉన్న పిల్లలు బడి మానేస్తే వాళ్లింటికి పోయి అడిగేది ఎవరు? పోస్టు మంజూరైందనే చెబుతారు, నాకు తెలుసు. మంజూరైతే మనిషేడి?