కుడి వైపు ఫొటో కావాలి

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధవిమానానికి వీడ్కోలు చెప్పారు. ఇక్కడ అర్ధరాత్రి దాటాక ఫోన్‌లో చూశాను. మర్నాడే బేస్‌మెంట్‌లోకి దిగి, పదమూడేళ్లుగా అట్టపెట్టెలో పడి ఉన్న మిగ్ కిట్, అంటే ముక్కలు అతికించి చేసుకునే ప్లాస్టిక్ నమూనా విమానం, బయటికి తీశాను. "అది రిటైరయ్యేదాకా ఆగారన్నమాట" అంది మా ఆవిడ.

మా పెదనాన్న హైదరాబాద్ బాలానగర్‌లో, విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్‌లో చేశారు. మన దగ్గర కట్టిన మిగ్-21లకి ఒళ్లు నాసిక్‌లో, ఇంజిన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. 1963లో మన వైమానిక దళంలోకి వచ్చిన ఈ విమానం పుట్టుక రష్యాదే అయినా, మా ఇంట్లో మాత్రం అది పెదనాన్న విమానం. అసలు దానికి రెక్క కొస నుంచి రెక్క కొసకి 7.15 మీటర్లు. 72వ వంతు నమూనా కాబట్టి నా బల్ల మీద దాదాపు 10 సెంటీమీటర్లు.

అతికించడం, రంగు వేయడం పెద్ద కష్టం కాదు. టెన్షన్ అంతా డెకాల్స్ దగ్గరే, అంటే షీటు మీద అచ్చేసి వచ్చే, తడిపి విమానం మీద అంటించే పల్చటి గుర్తులూ అంకెలూ. చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చే బొమ్మని చేతి మీద పెట్టి తడి గుడ్డతో అద్దుకున్నవాళ్లకి ఇవేమిటో సగం తెలిసినట్టే. అదే అచ్చు, అదే ప్లాస్టిక్. ఒక షీటు వేస్తే వియత్నాం విమానం, ఇంకోటి వేస్తే ఈజిప్టుది, మరోటి వేస్తే మనది. అందుకే రంగు అయిపోగానే పని అయిపోయినట్టు చేతులు దులుపుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. విమానం ఎవరిదో తేలేది డెకాల్స్ వేసినప్పుడే కదా.

నా షీటు పసుపు పచ్చగా మారిపోయింది. దాన్ని కిటికీ అద్దానికి టేపుతో అంటించి, వడియాల్లా పది రోజులు ఎండబెట్టాను. ఎండకి ఆ పసుపు చాలావరకు విరిగింది. ఆ తర్వాత అక్కర్లేని అంకె ఒకటి కత్తిరించి నీళ్లలో వేస్తే నాలుగు ముక్కలైంది. పాత షీటుతో పని పెట్టుకునేవాళ్లెవరైనా ముందు ఈ పరీక్ష చేసి తీరాలి. షీటు మొత్తం మీద పల్చగా వార్నిష్ కొట్టి ఆరనిచ్చాను. అలా కొడితే షీటంతా ఒకే పొర అయిపోతుంది, ఒక్కో గుర్తునీ అంచు వెంబడే కత్తిరించుకోవాలి. కళ్లజోడు మీద భూతద్దం పెట్టుకుని రెండు సాయంత్రాలు అదే పని.

గరుకు రంగు మీద డెకాల్ వేస్తే కింద గాలి చిక్కుకుని, పొర తెల్లగా మెరుస్తూ స్టిక్కర్ అంటించినట్టు కనబడుతుంది. అందుకని ముందు మెరిసే వార్నిష్ వేసి నున్నగా చేసుకోవాలి. గోరువెచ్చటి నీళ్లలో ఓ పదిహేను సెకన్లు ముంచి, తీసి, కాగితం మీద నుంచి తనంతట తను జారేదాకా ఆగాలి. వెనిగర్ వాసన వేసే ద్రవం ఒకటి కింద రాయాలి, పొరని మెత్తబరిచేది ఇంకోటి పైన. ఈ రెండోది రాయగానే డెకాల్ నూనెలో పడ్డ అప్పడంలా ముడతలు పడుతుంది. అప్పుడు చేత్తో ముట్టుకున్నారా, పోయినట్టే. వదిలేసి వెళ్లి కాఫీ పెట్టుకోండి. ఆరేసరికి అదే సర్దుకుని, ప్లాస్టిక్ మీది సన్న గీతల్లోకి కూడా దిగిపోతుంది. నేను వదిలేయలేక ఒక గుండ్రటి గుర్తు పాడు చేశాను.

మన వైమానిక దళం గుండ్రటి గుర్తులో బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. నా షీటులో కాషాయం నారింజ రంగు తిరిగింది. మా అమ్మాయి స్నేహితురాలు చూసి "ఐర్లండ్ విమానమా?" అని అడిగింది. ఆ పిల్ల తప్పేం లేదు, అచ్చు వేసినవాళ్లు కాస్త చూసుకోవాల్సింది.

ఇక షీటులో ఉన్న ప్రతి చిన్న రాతా అతికించి తీరాలనే పట్టుదల. నాకది నచ్చదు. ఇక్కడ అడుగు పెట్టొద్దు, ఇక్కడ ఇంధనం పోయాలి లాంటి హెచ్చరికలు ఈ సైజులో ఇసుక రేణువులంత ఉంటాయి. ఎన్ని అతికిస్తే అంత గొప్ప అనుకుంటారు కొందరు. నేను చేస్తున్నది 1971 నాటి మిగ్-21, అందులో ఎఫ్ఎల్ అనే రకం. ఆ ఏడాది బంగ్లాదేశ్ యుద్ధంలో, డిసెంబర్ 14న ఢాకాలో గవర్నర్ భవనం మీద రాకెట్లు వేసింది మన మిగ్-21లే. అంతవరకు వెండిలా మెరుస్తున్న విమానాలకి ఆ యుద్ధం ముందు హడావుడిగా ఆకుపచ్చ, మట్టి రంగులు పూశారు. ఒకదానికీ ఇంకోదానికీ పోలిక ఉండదు. అలా పూసినప్పుడు కింద ఉన్న రాతలు కొన్నయినా కప్పుకుపోవా? ఆ విమానం మీద ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చినట్టు అన్ని రాతలూ పెడితే అది ఓపిక కావచ్చు గానీ నిజం మాత్రం కాదు. ఆ రోజు ఆ ఒక్క విమానం ఎలా ఉందో ఫొటోలో చూసి, అంతే వేయాలి. కిట్‌తో వచ్చే సూచనల కాగితం కన్నా ఒక మసక ఫొటో మేలు.

ఫొటోలు ఎక్కడున్నాయి? నా అనుమానం, మన ఇళ్లలోనే. ఈ పత్రిక చదివేవాళ్లలో నాన్నగారో మావయ్యగారో వైమానిక దళంలోనో, బాలానగర్‌లోనో, కోరాపుట్‌లోనో పనిచేసినవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల ఆల్బమ్‌లు ఏ బీరువా అడుగునో, పట్టుచీరల కిందో ఉంటాయి. విమానం ముందు నలుగురు నిలబడి దిగిన ఫొటోలో మీకు మీ నాన్న కనబడతారు, నాకు ఆయన భుజం వెనకాల ఉన్న నంబరు కనబడుతుంది. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు ఆ పేజీలు ఫోన్‌తో తీసి, వెనక రాసిన ఊరూ తేదీ కూడా తీసుకురండి. మన సంఘం వార్షికోత్సవంలో సావనీర్ నిండా ప్రకటనలు వేస్తాం కదా, ఈ ఫొటోలకి నాలుగు పేజీలు ఇవ్వలేమా?

పెదనాన్న ఆల్బమ్‌లో అలాంటి ఫొటో ఒకటి దొరికింది. ఎడమ వైపు నుంచి తీసింది. అది చూసే ఎడమ వైపు డెకాల్స్ అన్నీ పూర్తి చేశాను. కుడి వైపు ఏముందో ఆయన్ని అడుగుదామంటే ఆయన పోయి ఆరేళ్లు. నా విమానం అల్మారాలో కుడి పక్క గోడవైపుకి తిప్పి ఉంది.