మేనత్త ఓటు

వర్ధమాన దేశాల్లో విశ్వవిద్యాలయ విద్యార్థులు సొంత వ్యాపారం పెట్టాలని ఎందుకు అనుకుంటారో, ఎందుకు అనుకోరో తేల్చడానికి పరిశోధకులు ఏళ్ల తరబడి ప్రశ్నపత్రాలు పంచుతున్నారు. వారికి ఊతకర్ర, ఐసెక్ అజెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1991లో వివరించిన సిద్ధాంతం. ఏ సంకల్పానికైనా మూలాలు మూడట: ఆ పనిమీద ఇష్టం, తనవాళ్లు ఏమంటారన్న లెక్క, అది తన చేతనవుతుందన్న నమ్మకం.

ఆ మహానుభావుడికి హనుమకొండ నుంచి నమస్కరిస్తూ ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. మా దగ్గర పనిచేసేది మధ్యది ఒక్కటే. తనవాళ్లంటే అమ్మానాన్నలేనని పొరబడకండి. మేనత్త, ఇంటి ఓనరు, పెళ్లిళ్ల పేరయ్య... అందరికీ ఓటుంది. కుర్రాడికి తప్ప.

వాళ్లనూ తప్పుపట్టలేం. 1934లో నిజాం పాలనలో వెలసిన అజంజాహి మిల్లు మూతపడటం కళ్లారా చూసిన వరంగల్ ఇది. అంత మిల్లుకే దిక్కు లేదు, నీ యాప్ ఏపాటిదిరా అని తండ్రి అడిగితే ఏ ఆర్థికవేత్త జవాబు చెబుతాడు? 2016 జనవరిలో ఢిల్లీలో స్టార్టప్ ఇండియాను ఘనంగా ప్రారంభించారు. మేనత్తకు మాత్రం కబురందలేదు.

అలాగని ఇక్కడ పరిశ్రమ లేదంటే ఒప్పుకోను. కాకతీయ యూనివర్సిటీ క్రాస్ రోడ్డు నుంచి నయీంనగర్ వైపు నడిచి చూడండి. కోచింగ్ సెంటరు, మెటీరియల్ అమ్మే జిరాక్స్ షాపు, హాస్టలు, మెస్సు, నెలకింతని కుర్చీ అద్దెకిచ్చే రీడింగ్ రూము. ఉద్యోగం కోసం ఎదురుచూడటమే ఆ పరిశ్రమ. ముడిసరుకు అభ్యర్థే, కొనుగోలుదారుడూ అభ్యర్థే. నోటిఫికేషన్ ఆలస్యమైతే లాభం, కోర్టుకెక్కితే పండగ. ఇంతటి వ్యాపార దక్షత కళ్లెదుటే ఉన్నా, మనవాళ్లకు చొరవ లేదని సదస్సుల్లో వాపోతారు.

అలాంటి సదస్సుకే ఈమధ్య వెళ్లాను. ‘సొంత సంస్థ స్థాపించాలని గట్టిగా నిశ్చయించుకున్నాను’ అన్న వాక్యానికి ఒకటి (అస్సలు కాదు) నుంచి ఏడు (ముమ్మాటికీ అవును) దాకా అంకె వేయాలి. కాగితం తిరిగి ఇస్తేనే భోజనం కూపన్ కాబట్టి హాలంతా ఏడు వేసింది. మిగిలిన కాగితమొకటి, గేటు బయట ఇడ్లీ బండి నడిపే ఎమ్మెస్సీ విద్యార్థికి ఇచ్చాను. ఇద్దరు పనివాళ్లకు జీతాలిస్తున్నాడు. ఒకటి వేశాడు.

‘‘అదేమిటి బాబూ?’’

‘‘నేను గ్రూప్-2కు చదువుతున్నాను సార్. ఇది నోటిఫికేషన్ వచ్చేదాకే’’ అని చట్నీ వేస్తూ గొంతు తగ్గించాడు. ‘‘మా ఊరివాళ్లు కనబడితే బండి సంగతి చెప్పకండి.’’